జోడుగొట్టాల కవల

అమ్మా, నేను కులాసా, బెంగపడకు.

నాన్న జోడుగొట్టాల తుపాకీని ఇక్కడ తుపాకులు చేసే ఊరు తూలాలో ఒక ముసలి మరమ్మతుదారుకు చూపించాను. గొట్టాలు ఊడదీసి అడుగున కొట్టిన అంకెలు చూశాడు. "యాభై ఎనిమిదిలో చేశారు. కానీ బాబూ, గొట్టాల నంబరు వేరు, వెనక భాగం నంబరు వేరు. ఒక్క అంకే తేడా. మీ ఇంట్లో దీని కవల గానీ ఉందా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాన్నా, ప్రోఖర్ బాబాయీ ఒకే రోజు ఒకే కొట్లో చెరొకటి కొన్నారు కదా. అడవి గుడిసెలో పక్కపక్కన కూర్చుని తుడిచి బిగించేటప్పుడు ఒకరి గొట్టాలు ఇంకొకరికి పోయాయి. గొట్టాలు సరిగ్గా అతక్క నాన్న తుపాకీ వదులైంది అందుకే. "వాడే నా తుపాకీని రాయికి కొట్టి పాడుచేశాడు" అంటూ నాన్న చనిపోయేదాకా తమ్ముడి గడప తొక్కలేదు. ఒక్కసారి విప్పి అడుగున చూసుకోవలసింది.

ఆవు ఈనిందా? ఎండు పుట్టగొడుగులు కాసిని పంపు.

నువ్వే వాళ్లింటికి వెళ్లి బాబాయిని తన తుపాకీ విప్పి చూడమను. నాన్న గొట్టాలు ఇన్నేళ్లూ ఆయన గోడకే వేలాడుతున్నాయి. ఆయనకు నా దండాలు చెప్పు. ఇంటికి రాసే కార్డులో ఆయనకు దండాలు రాయడం ఇదే మొదలు.

నీ కొడుకు,
రోదియన్