“పౌరుడు”లో మా అమ్మ ఉందా?

ఓటర్ల జాబితా అధికారి గారికి నమస్కారాలు.

మన బుల్లి దేశానికి రాజ్యాంగం వచ్చి మూడు నెలలైంది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి మొత్తం పైకి చదివి అమ్మకు వినిపించాను. అమ్మ దర్జీ. తొలి ఎన్నికలకు పేరు రాయించుకోవాలని మీ ఆఫీసుకు వస్తే, మీ గుమస్తా గారు పుస్తకం తెరిచి, “‘ప్రతి పౌరుడు ఓటు వేయవచ్చు’ అని ఉందమ్మా. పౌరురాలు అని లేదు” అని పంపేశారు. వచ్చే శనివారం జాబితా మూసేస్తారట. దయచేసి అమ్మ పేరు చేర్చండి.

ఇట్లు,
దర్జీ గారి అమ్మాయి

తా.క.: గుమస్తా గారి చొక్కా కుట్టింది అమ్మే. కొలతలిచ్చేటప్పుడు “దర్జీ అంటే మగవాడే కదా” అన్న అనుమానం ఆయనకు రాలేదు.

*

దర్జీ గారి అమ్మాయికి,

రాజ్యాంగంలో “డు” అంటే “డు”. మార్చడానికి నేనెవర్ని?

ఇట్లు,
అధికారి

తా.క.: “ఎవరు ఉత్తరం రాసినా రెండు రోజుల్లో జవాబివ్వాలి” అని కూడా అందులోనే ఉంది. “ఎవడు” అని రాసుంటే నాకీ శ్రమ తప్పేది.

*

అధికారి గారికి,

మీ జవాబు అమ్మకు భలే నచ్చింది. “ప్రతి పౌరుడు చట్టానికి లోబడాలి” అన్నదీ “డు”యే కదా! అందుకే కుట్టుమిషను తెచ్చి మీ ఆఫీసు వరండాలో వేసుకుంది. “ఇక్కడ కూర్చోరాదు” అన్న బోర్డు తనకు కాదంటోంది.

ఇట్లు,
దర్జీ గారి అమ్మాయి

తా.క.: వెలుతురు బాగుందని పక్కింటి పిన్ని కూడా బయల్దేరింది.

*

అమ్మాయీ,

వరండాలో పదకొండు మిషన్లు! ఆ టకటకలో టెలిఫోను వినబడి చావడం లేదు. మా గుమస్తా ఊడిన గుండీ పట్టుకుని వరసలో నిలబడ్డాడు. పౌరుడంటే ఆడవాళ్ళు కూడానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. చట్టం మీకూ వర్తిస్తుంది. తక్షణం ఖాళీ చేయండి!

ఇట్లు,
అధికారి

తా.క.: మళ్ళీ పేచీ పెట్టకుండా ముద్ర రెండుసార్లు వేశాను.

*

అధికారి గారికి కోటి దండాలు.

వరండా ఖాళీ చేశాం, ఊడ్చాం కూడా. మీ ఉత్తరం చూపించగానే గుమస్తా గారు పదకొండు పేర్లూ రాశారు. శనివారం సాయంత్రానికి మూడు వీధుల ఆడవాళ్ళూ ఓటర్లయ్యారు! రాజ్యాంగంలో ఒక్క అక్షరం బిగుతుగా కుట్టారు గానీ, వదులు చేసుకోవడానికి లోపల గుడ్డ వదిలారంటుంది అమ్మ.

తర్వాతి పేజీలో “ప్రతి పౌరుడు పోటీ చేయవచ్చు” అని ఉంది. ఈ ఉదయమే అమ్మ నామినేషన్ వేసింది.

ఇట్లు,
అభ్యర్థి గారి అమ్మాయి

తా.క.: అమ్మ పేరును బలపరుస్తూ సంతకం చేసింది మీ ఆవిడే. రాత్రి భోజనం దగ్గర మీతో మాట్లాడతారట.