మా అమ్మాయికి సీటు ఇవ్వవద్దని కోరుతూ

విశ్వవిద్యాలయ ప్రవేశాల అధికారి గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: తమ విశ్వవిద్యాలయంలో జర్నలిజం డిగ్రీకి ఎంపికైన నా కుమార్తె సీటును రద్దు చేయు విషయమై, సదరు రద్దు నా మూలంగా జరిగినట్లు ఆమెకు తెలియనీయకుండు విషయమై.

నేను ఒక దినపత్రిక కార్యాలయంలో పనిచేయుచున్నాను. భర్త లేరు. ఒక్కతే కూతురు. ఆమెకు రెండు విశ్వవిద్యాలయాలలో సీటు వచ్చినది. ఒకటి మా ఊళ్ళోనే, సిటీ బస్సు దిగితే ఎదురుగా గేటు. రెండవది తమది, రైలెక్కి పోవలసినంత దూరం. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చుకోవలెను. ఆమె తమదే అని తేల్చుకున్నది. నాకు తేలలేదు గనుక ఈ అర్జీ పెట్టుకొనుచున్నాను.

1. రెండు చోట్లకూ అమ్మాయీ నేనూ కలిసే వెళ్ళి చూచి వచ్చినాము. మా ఊళ్ళోని దానిలో అద్దాల స్టూడియో కలదు. చల్లని గాలి, మెత్తని కుర్చీ, మొహానికి పౌడరు అద్దేందుకు విడిగా ఒక మనిషి. అక్కడి మేడమ్ గారు ఎంతో మర్యాదస్తురాలు. "మా పిల్లలకి చెమట పట్టదండీ" అన్నారు. నాకు ప్రాణం లేచివచ్చినది. స్టూడియోలో కూర్చుని వార్తలు చదువుతూ ఎవరైనా పోయినట్లు నేనెక్కడా వినలేదు. కానీ మా అమ్మాయి నోరు ఊరుకోదు కదా. "మరి వార్త ఎవరు తెస్తారు మేడమ్?" అని అడిగినది. "ఎవరో ఒకరు తెస్తారులేమ్మా" అన్నారావిడ. అంతే, ఆ విశ్వవిద్యాలయం పని అయిపోయినది.

2. తమ దగ్గర స్టూడియో అన్నది నాకు కనబడలేదు. పొడవాటి గది, కాళ్ళు ఊగే బల్లలు, సగం తాగి వదిలేసిన టీ గ్లాసులు కనబడినవి. పిల్లలే వారం వారం ఒక పేపరు తెస్తారనీ, మొదటి ఏడాది నుంచే వాళ్ళను కోర్టుకూ ఆసుపత్రికీ సమ్మెలకూ తోలుతామనీ మాస్టారు గారు గర్వంగా సెలవిచ్చినారు. ఆయన చెప్పుల నిండా దుమ్ము. గుమ్మం పక్కన ప్రథమ చికిత్స పెట్టె తగిలించి ఉన్నది. "ఇది దేనికండీ?" అంటే, "అబ్బే, ఊరేగింపుల్లో చిన్నాచితకా తగులుతుంటాయమ్మా, కంగారు పడకండి" అన్నారు. కంగారు పడవద్దని నాకు చెప్పిన మగవారిలో ఆయన రెండవవారు. మొదటివారి సంగతి మూడవ అంశములో మనవి చేయుదును.

మా అమ్మాయి ఆ పెట్టె వంకైనా చూడలేదు. ఎదురు గోడ దగ్గర నిలబడిపోయినది. తమ పిల్లల పేపరులో ఏ తప్పు పడినా, రాసినవాళ్ళే స్వహస్తాలతో సవరణ రాసి ఆ గోడకి అంటించాలట. వంటమనిషి ఇంటిపేరు తప్పు వేసినందుకు ఒకడు, మేకని గొర్రె అన్నందుకు ఒకతె. అవన్నీ చదువుతూ తనలో తనే నవ్వుకున్నది, ఆ తర్వాత నవ్వు మానేసి చదివినది. పదమంటే కదలదు. రైలు తప్పిపోతుందేమోనని చెయ్యి పట్టుకుని లాక్కొని రావలసి వచ్చినది.

3. మావారు విలేకరి. నెలజీతం లేదు, వార్త పడితేనే ఇంత అని ఇచ్చేవారు. అదే పేపరులో నేను, విలేకరులు ఫోనులో చెప్పే వార్తలు రాసుకునే పని చేసేదాన్ని. చెవి దగ్గర రిసీవరు, చేతిలో పెన్ను. మా పనికి ఒకటే కట్టుబాటు: చెప్పినది చెప్పినట్లు రాయవలెను, అక్షరం మార్చరాదు, ఎదురు ప్రశ్న వేయరాదు. ప్రశ్నలు వేయడం, వార్తలు దిద్దే డెస్కువారి పని. మా పెళ్ళికి ముందూ ఆ ఫోనే, పెళ్ళయ్యాకా ఆ ఫోనే. ఎక్కడెక్కడినుంచో "కామా", "ఫుల్‌స్టాప్", "కొత్త పేరా" అంటూ వార్తంతా చెప్పి, చివర్న గొంతు తగ్గించి "అన్నం తిన్నావా?" అనేవారు. రాసే ఊపులో అదీ రాసేసి డెస్కువారి చేత చీవాట్లు తిన్న రోజులున్నవి.

ఒకనాడు రసాయనాల ఫ్యాక్టరీలో గ్యాసు లీకవుతున్నదని వెళ్ళినారు. "గేటు దగ్గరే ఉంటాలే, కంగారు పడకు" అన్నారు. మధ్యాహ్నానికి ఇంకో విలేకరి ఫోను చేసి వార్త చెప్పినాడు. నేనే రాసుకున్నాను. "గ్యాసు లీకై ఐదుగురు కార్మికులు కామా మరొకరు మృతి చెందారు ఫుల్‌స్టాప్." ఎదురు ప్రశ్న వేయరాదు కనుక వేయలేదు. కాగితం డెస్కుమీద పెట్టి, క్యారియరు విప్పుకుని అన్నం తిన్నాను. ఆ మరొకరు ఎవరో సాయంత్రానికి తెలిసినది.

అయ్యా, ఆ అన్నం నాకింకా అరగలేదు. అర్జీలో ఇటువంటివి రాయకూడదని తెలుసును. ఇంకెక్కడ రాయాలో తెలియక రాసినాను.

4. కావున తమరు దయయుంచి,

(అ) నా కుమార్తె సీటును వెంటనే రద్దు చేయవలెను.

(ఆ) కారణం అడిగినచో "సీట్లు నిండినవి" అని చెప్పవలెను. ఆమె నమ్మదు. అయినా చెప్పవలెను.

(ఇ) ఎవరు చెప్తే రద్దు చేశారని నిలదీసినచో "విశ్వసనీయ వర్గాలు" అనవలెను. ఇంకా నిలదీస్తుంది. తమరు గట్టిగా ఉండవలెను.

5. ఇంతవరకు రాసి సంతకం చేయబోవుచుండగా అమ్మాయి వంటగదిలోకి వచ్చినది.

"ఏం రాస్తున్నావమ్మా?"

"అర్జీ."

"ఎవరి మీద?"

నాకు అబద్ధం చేతకాదు. "నీ మీదే" అన్నాను.

కాగితాలు తీసుకుని నిలబడే చదివినది. అరవలేదు. అరిచినా బాగుండును. చదవడం అయ్యాక "అవతలివాళ్ళని అడిగావా?" అన్నది.

అది వాళ్ళ నాన్న మాట. ఇంట్లో ఎవరి మీద ఏ ఫిర్యాదు చేసినా, ఆఖరికి పాలవాడి మీదైనా సరే, ఆయన ముందు అదే అడిగేవారు. అవతలివాళ్ళ మాట వినకుండా మా ఇంట్లో ఎవరినీ తప్పు పట్టినది లేదు.

"లేదే" అన్నాను.

"అయితే రాసుకో" అన్నది.

పెన్ను చేతిలోనే ఉన్నది. చెప్పినది చెప్పినట్లు రాసుకున్నాను. అది ఈ దిగువ సమర్పించడమైనది:

"మా అమ్మ రాసినవన్నీ నిజాలే ఫుల్‌స్టాప్ కానీ ఒకటి వదిలేసింది ఫుల్‌స్టాప్ నాన్న పోయాక నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్ళి కామా మరొకరు అన్నచోట నాన్న పేరు వెయ్యండి కామా విలేకరి అని వెయ్యండి అని డెస్కు పెద్దాయన్ని అడిగింది ఫుల్‌స్టాప్ విలేకరి అని వేస్తే పేపరు మీదికొస్తుందమ్మా కామా జీతం మీదున్న మనిషి కాదు కదా అన్నాడాయన ఫుల్‌స్టాప్ అమ్మ వెళ్ళి ఫోను దగ్గర కూర్చుని వేరేవాళ్ళ వార్త రాసుకుంది ఫుల్‌స్టాప్ నేను ఆ బల్ల కింద ఉన్నాను ఫుల్‌స్టాప్ కొత్త పేరా. ఆ సవరణ ఇప్పటికీ పడలేదు ఫుల్‌స్టాప్ మేకని గొర్రె అన్నందుకే సవరణ రాయించే చోటు ఒకటుందని మీ గోడ చూశాకే తెలిసింది ఫుల్‌స్టాప్ నేను చదివితే అక్కడే చదువుతాను ఫుల్‌స్టాప్ మా ఊళ్ళో దాంట్లో గోడలన్నీ అద్దాలు కామా వాటికి ఏదీ అంటించనివ్వరు ఫుల్‌స్టాప్ కొత్త పేరా. అమ్మని ఒక్కదాన్ని వదిలి వెళ్ళాలంటే నాకూ ఏడుపొస్తోంది ఇది మాత్రం రాయకమ్మా ఫుల్‌స్టాప్."

అక్షరం మార్చలేదు.

ఇరుపక్షాల వాదనలూ తమ ముందుంచినాను. మొదటి పక్షానికి చెప్పుకునేందుకు ఇంకేమీ మిగలలేదు. చిత్తగించవలెను. చిత్తం కుదరకున్నచో కనీసం ఆఖరిదాకా చదవవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
అర్జీదారు

తా.క.: రద్దు వద్దండీ. సీటు అలాగే ఉంచండి. మొత్తం మళ్ళీ రాసే ఓపిక లేక ఉన్నదున్నట్టు పంపిస్తున్నాను. పిల్ల పక్కగదిలో పెట్టె సర్దుకుంటోంది. నేను మడతపెట్టి ఇచ్చినవన్నీ విప్పి మళ్ళీ తన పద్ధతిలో మడుచుకుంటోంది. మీ మాస్టారు గారికి నా మాటగా ఒకటి చెప్పండి. ఆయన ఇష్టం, దాన్ని ఎక్కడికైనా పంపుకోమనండి. నన్ను అడగక్కర్లేదు. వెళ్ళేముందు నాకు చెప్పనూ అక్కర్లేదు, చెప్తే నేను వెళ్ళనివ్వను. తిరిగొచ్చాక మాత్రం దాన్ని ఒక్క ఫోను చెయ్యమనండి. ఎక్కడికెళ్ళిందో, ఏం చూసిందో ఏమీ చెప్పక్కర్లేదు. "వచ్చేశానమ్మా" అంటే చాలు, నేను ఫోను పెట్టేస్తాను.