ఆ భుజం చెక్కిన చెయ్యి

వంతెన పక్క వీధిలో యాభై రెండేళ్ళు కొయ్యబొమ్మల మేస్త్రిగా పనిచేసి, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోవడంతో ఏడాదిగా ఊరికే కూర్చున్న నేను, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఏది చెందాలో తెలుపుతూ ఈ వీలునామా రాయిస్తున్నాను. ఇంతకుముందు రాయించినవి రెండూ ఇందుమూలంగా రద్దు.

నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. ఈ రోజు ఏ వారం, వందలోంచి ఏడు తీస్తే ఎంత, ఎదురుగా ఉన్న వస్తువు పేరేమిటి అని మూడు ప్రశ్నలు వేశాడు. మూడింటికీ సరిగ్గానే చెప్పాను. నాకు తెలియనిదేదో అది అడగలేదు. కాబట్టి బుద్ధి స్థిరంగా ఉన్నదీ నిజమే, నేను అయోమయంలో ఉన్నదీ నిజమే. రాస్తున్న దస్తావేజు లేఖరి, “ఇలాంటివి వీలునామాలో రాయరండీ” అంటున్నాడు. రాయమన్నాను.

1. కింద పనిశాల, పైన రెండు గదులు ఉన్న నా ఇల్లు నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. తల్లి పోయాక నా కోపాన్ని ఒంటరిగా భరించింది. “నాన్నా, నీకు కోపం రాని రోజు చెప్పు, ఆ రోజు వస్తాను” అంటూనే రోజూ వచ్చింది.

2. పనిశాల వీధి తలుపు మాత్రం, చట్రంతో సహా, నా అల్లుడికి. అతను ప్లాస్టిక్ తలుపులు అమ్ముతాడు. “మావయ్యగారూ, మీ తలుపు వానలకి బిగుసుకుపోతుంది, ఎండలకి వదులైపోతుంది. మా తలుపు చచ్చినా బిగుసుకోదు” అని ఒకసారి భోజనాల దగ్గర అన్నాడు. చచ్చింది కనకనే బిగుసుకోదన్నాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. చెట్టును కోసి అరవై ఏళ్ళయినా దాని చెక్క గాలిలో తడి తాగుతుంది, వదులుతుంది. దాని పక్కన కాపురం చేస్తే ఋతువులు తెలుస్తాయి. అతను మంచివాడే. తలుపు తీసేటప్పుడు భుజంతో నెట్టడం నేర్చుకుంటే చాలు.

3. చింతచేవతో చేసిన, రెండున్నర అడుగుల ఎత్తున్న, “కూర్చున్న మనిషి” అని పేరున్న బొమ్మ ఊరి మ్యూజియానికి చెందాలి. గాజుపెట్టెలో పెట్టకూడదు. వార్నిష్ పుయ్యకూడదు. కింద శిల్పి పేరు అన్నచోట నా పేరు రాయాలి.

ఈ చివరి వాక్యం నిన్న రాయించాను. ఈ రోజు దాని దగ్గరే ఆగిపోయాను. కొట్టెయ్యమని లేఖరికి చెప్పి, వద్దులే అన్నాను. ఉండనివ్వండి. దాని సంగతి ఆరో అంశంలో చెబుతాను.

4. ఆర్ట్ కాలేజీలో పనిచేసి రిటైరైన లెక్చరర్‌కు నా దగ్గరున్న వార్నిష్ డబ్బా, మూత తియ్యనిది, ఒకటి. “రాయి కొనలేనివాడి రాయి కొయ్య” అని ఆయన పత్రికలో రాశాడు. నాలుగు బీరువాల పుస్తకాలు చదివిన నేను అప్పట్లో ఆ మాటకు జవాబు రాయలేకపోయాను. కోపమొచ్చినవాడు సరిగ్గా రాయలేడు. ఇప్పుడు చెబుతున్నాను. రాయికి మీరు చెప్పిందే మాట. మట్టి ఎటు నొక్కితే అటు పోతుంది. కంచు వేరేదాన్ని చూసి పోత పోసేది. కొయ్యకు మాత్రం మీ ఉలి తగలకముందే ఒక బతుకు ఉంది. గాలివాన ఏ వైపు నుంచి కొట్టిందో, ఏ ఏడాది నీళ్ళు దొరకలేదో, ఎక్కడ కొమ్మ విరిగితే ఆ గాయం చుట్టూ ఎలా ముడి పడిందో, అన్నీ దాని చారల్లో ఉంటాయి. మంచి శిల్పి ఆ చారల వెంట పోతాడు. అలా పోయినవాడికి మోకాలి మీద, చెంప మీద నీటి అలల్లా వలయాలు వాటంతటవే పైకి తేలతాయి. వాటిని ఎవరూ గియ్యలేరు. చలికాలం పొద్దున్నే చెయ్యి వేస్తే రాయి మన వేడిని లాక్కుంటుంది, కొయ్య ఇస్తుంది. ఆయన ఒక్కసారైనా చెయ్యి వేసి చూసి ఉంటే ఆ వాక్యం రాసేవాడు కాదు. దూరం నుంచి కళ్ళజోడు సర్దుకుంటూ చూశాడు.

పుస్తకాలు నాలుగు బీరువాలూ రైల్వే గేటు దగ్గరి రీడింగ్ రూముకు.

5. నా ఉలులు నలభై మూడు, బాడిసలు రెండు, కొయ్యసుత్తులు అయిదు మా వీధి మొగలో కత్తులకు సానపట్టే ఆవిడకు. ఇరవై ఏళ్ళుగా వాటి అంచులు ఆమెకు తెలిసినట్టు నాకు తెలియవు. ఒకసారి నా సన్న గుండ్రటి ఉలిని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, “ఇది ఒకే పక్క అరుగుతోందేం మేస్త్రీ, ఇద్దరు వాడే దాన్ని ఒక్కరే వాడుతున్నారా?” అంది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆమె చూసింది తన పనే.

6. ఇక బొమ్మ సంగతి.

నా తమ్ముడిది పుర్రచేతి వాటం. మా ఇద్దరిదీ ఒకటే పనిశాలగా ఉన్న రోజుల్లో మాకొక పద్ధతి ఉండేది. దుంగను నిలబెట్టాక ఇక కదిపేవాళ్ళం కాదు. చుట్టూ మేమే తిరిగేవాళ్ళం. చార ఒకవైపు పోతున్నంతసేపు నా కుడిచెయ్యి నడుస్తుంది. చార తిరగబడిన చోట అదే చేత్తో చెక్కితే పీచు లేచిపోతుంది. అక్కడ వాడి ఎడమచెయ్యి అందుకోవాలి. “నీ వంతురా” అనేవాణ్ణి. వాడు వచ్చేవాడు. అలా చేసిన బొమ్మలో ఎవరి పని ఎంతో మేము లెక్క పెట్టుకోలేదు.

ఆసుపత్రి ఆవరణలో గాలివానకు పడిన చింతమాను మొదలు తెచ్చి ఈ బొమ్మ మొదలుపెట్టాం. నమూనాగా నా భార్య కూర్చుంది. తల కుడివైపు కొద్దిగా వంచి, ఒళ్ళో చేటలో ఏదో ఏరుకుంటూ. బొమ్మ పేరు తెచ్చుకుంది. అందరూ మెచ్చుకున్నది కుడిభుజాన్ని. మెడ కింద నుంచి చేతిలోకి చార వంగి దిగే చోట వెలుతురు ఆగి జారుతుంది. ప్రదర్శనలో నలుగురి ముందు తమ్ముడు నా పక్కకు వచ్చి, “అన్నయ్యా, భుజం నాది కదా, ఆ ఒక్కమాట చెప్పవా” అన్నాడు. మెల్లగానే అడిగాడు. నేను గట్టిగా, “గరిటెలు చెక్కుకునే మొహానికి భుజం కావాల్సొచ్చిందా” అన్నాను. మర్నాడు తన ఉలులు సర్దుకుని వెళ్ళిపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వంతెన అవతల నిజంగానే గరిటెలు, పీటలు చేసుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ వాణ్ణి అబద్ధాలకోరనే చెప్పుకొచ్చాను. నమ్మే చెప్పాను. ఇది గమనించాలి.

పోయిన నెల మ్యూజియంవాళ్ళు వస్తున్నారని బొమ్మ దుమ్ము దులుపుతూ, భుజం మీద ఒక గాడిలో గట్టిపడిన మైనం తియ్యబోయాను. ఇప్పుడు నాకు పనిచేసేది ఎడమచెయ్యే కాబట్టి ఆ చేత్తోనే సన్న ఉలి పెట్టాను. సొంత చెప్పులో కాలు పెట్టినట్టు దిగింది. పక్క గాడి, దాని పక్కది, అన్నీ అంతే. అల్లుణ్ణి పిలిచి కుడిచేత్తో పట్టించాను. ఉలిపిడి బొమ్మ గడ్డానికి తగులుతోంది. “ఈ చేత్తో కుదరదు మావయ్యగారూ” అని ఉలి తిరిగిచ్చేశాడు.

గడ్డం చెక్కకముందే భుజం చెక్కి ఉంటే కుడిచేత్తో కుదిరేది. నేను మొహం చివర్లో చెక్కే మనిషినే. కానీ ఆ దుంగలో చెంప దగ్గర ముడి ఉంది, ముందే దాని అంతు చూద్దామని మొహం మొదలుపెట్టామేమో. గుర్తులేదు. మా గురువు ఏడాదిపాటు నా కుడిచెయ్యి వెనక్కి కట్టి ఎడమచేత్తో పని చేయించాడు, ఆ చేత్తో నేనే చెక్కానేమో. అదీ గుర్తులేదు. “నీకు కామెర్లు వచ్చి పడుకున్నావు నాన్నా, అమ్మ కూర్చుంటే బాబాయే చెక్కేవాడు, నేను పెచ్చులు ఏరుకునేదాన్ని” అంటుంది కూతురు. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. కామెర్లు వచ్చిన మాట నిజం. ఆ ఏడాదో, మరుసటి ఏడాదో?

నాకు గుర్తున్నది ఒకటే. ఆ భుజం గుండ్రదనం నా అరచేతికి తెలుసు. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ తెలుస్తుంది. ఇన్నాళ్ళూ దాన్నే సాక్ష్యం అనుకున్నాను. అయితే నా అరచేతికి తెలిసింది కొయ్యభుజమా, నా భార్య భుజమా? రెండూ వెచ్చగానే ఉండేవి. ఇది తేల్చుకోలేకపోతున్నాను.

అన్నదమ్ములం విడిపోయాక ఒకసారి ఆమె, “మీరిద్దరూ చెక్కింది నన్నే కదా, నన్నొక్కరూ అడగరేం?” అంది. నవ్వుతూనే అంది. ఆమె పోయి ఆరేళ్ళు. నేను అడగలేదు. ఏం చెబుతుందోనని భయపడి అడగలేదని ఈ కాగితం మీద ఒప్పుకుంటున్నాను.

తమ్ముణ్ణి అడగవచ్చు కదా అంటుంది కూతురు. పోయిన వారం రిక్షా ఎక్కి వంతెన దాటాను. వాడు కొట్టు ముందు ముక్కాలిపీట మీద కూర్చుని గరిటె కాడకు గరుకుకాగితం పడుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నాలుక చివర బయటపెట్టి పనిచేసే అలవాటు పోలేదు. కాసేపు చూసి రిక్షా వెనక్కి తిప్పించాను. అడిగే మొహం నాకు లేదు.

కాబట్టి మూడో అంశంలో శిల్పి పేరు గురించిన వాక్యం రద్దు చేస్తున్నాను. నా తదనంతరం బొమ్మను మ్యూజియానికి ఇవ్వడానికి ముందు నా తమ్ముణ్ణి పనిశాలకు పిలవాలి. ఆ భుజం మీద చెయ్యి వేసి చూడమనాలి. వాడు నా పేరు చెబితే నా పేరు, తన పేరు చెబితే తన పేరు, రెండూ అంటే రెండూ రాయాలి. ఈ విషయంలో వాడి మాటే చివరి మాట. తనకు మేలు జరుగుతుందన్నా అబద్ధమాడలేని మనిషని వాణ్ణి పెంచిన నాకు తెలుసు. అబద్ధాలకోరన్నది నేనే, ఆ సంగతీ నాకు తెలుసు.

నా దిగులల్లా ఒకటే. చనిపోయినవాడి మీద జాలిపడి, “అన్నయ్యదేలే, రాసెయ్యండి” అనేస్తాడు. అలా అంటే వెంటనే రాయకూడదు. నా కూతురు వాడికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, వినడానికి నేను లేనని గుర్తుచేసి, మళ్ళీ అడగాలి.

ఇందులోని అంశాలన్నీ లేఖరి చదివి వినిపించగా విని, సరేనని ఒప్పుకుని, ఈ కింది ఇద్దరి ఎదుట సంతకం చేశాను.

తేదీ: 2019 మార్చి 14, గురువారం

(సంతకం)
కొయ్యబొమ్మల మేస్త్రి

సాక్షులు:
1. (సంతకం) ఎదురింటి దర్జీ
2. (సంతకం) వీధి చివర మందుల షాపు యజమాని

రాసినవారు: (సంతకం) దస్తావేజు లేఖరి. మేస్త్రిగారు చెప్పినవన్నీ, వద్దన్నా, రాయడమైనది.