ఆర్‌సి మార్చుకోండి

తిరువూరు,
మే 3.

సామ్రాజ్యం గారికి, ఐజాక్ నమస్కారంతో మొదలుపెట్టి కోపంతో రాస్తున్న ఉత్తరం.

మీరు పైకి అందరూ ఒకటే అంటారు. సంతకం దగ్గరికి వచ్చేసరికి మతం అడుగుతారు. మెత్తగా మాట్లాడతారు కాబట్టి ఈ మాట మీ ముఖం మీద ఇంతవరకు ఎవరూ అని ఉండరు. నేను అంటున్నాను.

మొన్న వినగడపలో మీ ఇంటి ముందు మీ పాత లోడు బండి చుట్టూ మూడుసార్లు తిరిగాను. టైర్లు తన్ని చూశాను. ఏమీ అర్థం కాకపోయినా తల ఊపాను, కొన్నాను. ఇంజను గురించి చెప్పారు, క్లచ్చి గురించి చెప్పారు, మంచినీళ్లు ఇచ్చారు. అసలు షరతు మాత్రం చెప్పలేదు. ఇంటికొచ్చి డ్యాష్‌బోర్డు అర తెరిస్తే మీ చేతిరాతతో చీటీ: "మాస్టారూ, ఆర్‌సి మార్చుకోండి. ముప్పై రోజులే గడువు. మార్చుకోకపోతే నాకు ఇబ్బంది."

ఇరవై ఆరేళ్ల కిందట, నేను మీ ఊరి బళ్లో కొత్త మాస్టారుగా ఉన్నప్పుడు, మీ నాన్న శౌరయ్య గారు అదే ఇంట్లో అదే మాట అన్నారు. "కుర్రాడు మంచోడే, కానీ బాప్టిస్టు. ఆర్‌సిలోకి మారితే అప్పుడు చూద్దాం." మీరు రోమన్ కేథలిక్కులు, మేం బాప్టిస్టులం; క్రీస్తు ఒక్కడే, వీధి ఒక్కటే, కుళాయి కూడా ఒక్కటే. మారాల్సింది మాత్రం నేను! మారలేదు. మీకు వేరే పెళ్లయింది. నేను చేసుకోలేదు. మీ ఆయన పోయాక మీరే స్టీరింగు పట్టుకుని పదేళ్లు ఈ బండి నడిపారని తెలిసినప్పుడు, నాకు ఏ హక్కూ లేకపోయినా గర్వపడ్డాను. ఆ సామ్రాజ్యమేనా ఈ చీటీ రాసింది?

పెనుగొలను చిన్న రైతులు దళారి ముందు చేతులు కట్టుకుని నిలబడకుండా, వాళ్ల మామిడికాయ వాళ్లే మార్కెట్టుకు తోలుకోవాలని ఈ బండి కొన్నాను. మామిడికాయ మోసే బండికి మతం ఏంటండీ?

ఇట్లు,
మారని ఐజాక్.

తా.క.: డ్రైవరు జోజిబాబు కూడా "ఆర్‌సి లేకుండా రోడ్డెక్కలేం సార్" అంటున్నాడు. అతనూ మీ గుడికి వెళ్లేవాడే, ఇంకేం అంటాడు.

ఇంకొకటి: గ్రీజు ఎక్కడ పెట్టాలి?


వినగడప,
మే 6.

ఐజాక్ మాస్టారికి సామ్రాజ్యం నమస్కారాలు. మీ కోపం చూశాక ఆరోగ్యంగానే ఉన్నారని అర్థమైంది.

మారడం మీరు అనుకున్నంత పెద్ద సంగతి కాదండి. పద్ధతిగా బతికేవాళ్లందరూ చేస్తున్నదే. ఎ.కొండూరు వెంకటప్పయ్య గారు ఇప్పటికి మూడుసార్లు మార్చుకున్నారు. మొన్న వాళ్ల కోడలు అనూహ్య కూడా మార్చుకుంది. ఆధారు, రెండు ఫోటోలు ఏజెంటు చేతిలో పెట్టి ఇంట్లో కూర్చున్నారు. పది రోజుల్లో అయిపోయింది.

గ్రీజు పెట్టే చోట్లు అన్నీ కిందే ఉంటాయి. పాత గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, ముందు చక్రాల దగ్గర నుంచి వెనక్కి జరుగుతూ వెతకండి. నేనైతే పదిహేను రోజులకోసారి, ఆదివారం గుడి నుంచి వచ్చాక పెట్టేదాన్ని. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకండి. మీకు కోపం వచ్చినప్పుడు మీ దగ్గరికి ఎవరూ రారు చూడండి, అలాగే.

ఉంటాను,
సామ్రాజ్యం.

తా.క.: ఫోను చేసి అడగొచ్చు కదా అని మా పక్కింటి చిట్టెమ్మ అంటోంది. ఆ మాట మీకు చెప్పమంది, చెప్పాను. చేయమని కాదు.


తిరువూరు,
మే 10.

సామ్రాజ్యం గారికి ఐజాక్ నమస్కారం.

ఫోను చేయను. ఫోన్లో అన్న మాటను రేపు కాదనొచ్చు. కాగితం మీద మాట నిలబడుతుంది.

వెంకటప్పయ్య గారా? ఉగాదికి ఇంట్లో పంచాంగం చదివించే మనిషి, మూడుసార్లా? మూడుసార్లు మారాలంటే మధ్యలో రెండుసార్లు వెనక్కి కూడా వచ్చి ఉండాలి. నిజం తేల్చుకుందామని బస్టాండు దగ్గర ఆయన కారు ఆపి అడిగాను.

"ఆర్‌సి మార్చుకున్నారటగా?"

"మార్చుకోక చస్తామా మాస్టారూ. దొరికామంటే పోలీసోళ్లు ఊరుకుంటారా?"

పోలీసుల దాకా వచ్చింది మన దేశం. నడిరోడ్డు మీద ఆయనకు మతస్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం ఇరవై అయిదో అధికరణం వినిపించాను. సగంలో అద్దం ఎత్తేసుకుని వెళ్లిపోయారు. భూమి ఉన్నవాళ్లకు మనస్సాక్షి ఎంత తేలికో చూడండి. ఏజెంటుకి ఇచ్చేస్తారు.

మీరు చెప్పినట్టే బండి కింద పడుకున్నాను. ముందు కుడి చక్రం పక్కన, ఎండిపోయిన గ్రీజు మీద ఒక వేలిముద్ర ఉంది. చిన్నది. జోజిబాబుది కాదు, అతని వేలు బెండకాయంత ఉంటుంది. దాని మీద కొత్త గ్రీజు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. చాలాసేపు అలాగే పడుకుని ఉన్నాను. ఎండ తగిలి పడిపోయానేమోనని జోజిబాబు నా కాళ్లు పట్టుకుని బయటికి లాగాడు. తర్వాత గుడ్డ పెట్టి అక్కడ శుభ్రంగా తుడిచేశాడు. అతనితో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇట్లు,
ఐజాక్.

తా.క.: ఒప్పుకోవడం కాదు. ఊరికే, తెలుసుకోవడానికి అడుగుతున్నాను. మారాలనుకుంటే ఏమేం చూస్తారు?


వినగడప,
మే 14.

మాస్టారికి నమస్కారాలు.

ముందు ఎఫ్‌సి అవ్వాలి. అది లేకుండా ఆర్‌సి మారదు. పెద్దాయన ఉంటారు, ముందూ వెనకా తిప్పి చూస్తారు. పొగ ఎక్కువ ఉంటే ఒప్పుకోరు. ఆ సంగతి ముందు చూసుకోండి. చప్పుడు కూడా తగ్గాలి. ప్రతిదానికీ అంత మోత మోగితే ఆయనకు నచ్చదు. పాతదేగా అని అలా వదిలేయకుండా కాస్త రంగు వేయిస్తే చూడ్డానికి బాగుంటుంది. లోపల గట్టిగానే ఉంది, ఆ నమ్మకం నాకుంది.

నేను కొన్న కొత్త బండికి ఇంజను, చక్రాలు వచ్చాయి. వెనక తొట్టి బెజవాడలో కడుతున్నారు. అది వచ్చేదాకా షెడ్డు ఖాళీ. పదేళ్ల అలవాటు కదా, పొద్దున్నే తుడిచే గుడ్డ పట్టుకుని అక్కడికి వెళ్తాను. వెళ్లాక గుర్తొస్తుంది. వట్టి చేతుల్తో రాలేక కిటికీలు తుడిచి వస్తున్నాను. మా కిటికీలు ఇంత శుభ్రంగా ఎన్నడూ లేవు.

ఉంటాను,
సామ్రాజ్యం.

తా.క.: ఇంజను ఆయిల్ ఎప్పుడు మార్చాలో మీరింకా అడగలేదు. అడగండి.


తిరువూరు,
మే 21.

సామ్రాజ్యం గారికి.

ఈ ఉత్తరం నమస్కారం పెట్టడానికి కూడా మొహం లేని మనిషి రాస్తున్నాడు.

ఎఫ్‌సి అంటే మీ పిల్లలకు తెల్లబట్టలు వేసి మొదటిసారి సత్ప్రసాదం ఇస్తారే, ఆ ఫస్ట్ కమ్యూనియన్ అనుకున్నాను. యాభై మూడేళ్లవాణ్ని పిల్లల వరసలో నిలబడాలా అని ఒక రాత్రంతా కాదు గానీ ఒక పూటంతా మండిపడ్డాను. తర్వాత తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చాను.

పొగ అన్నారని సిగరెట్లు మానేశాను. రంగు అన్నారని జుట్టుకు వేయించాను. కొంత నుదుటికి కూడా పట్టింది, పోవడం లేదు. చప్పుడు తగ్గాలన్నారని వారం రోజులుగా ఎవరితోనూ వాదించలేదు. మా వీధిలో ప్రేమకుమారి టీచరు వచ్చి నాకు జ్వరమా అని అడిగి వెళ్లింది.

నిన్న మీ గుడికి వెళ్లాను. ఫాదర్ గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఆర్‌సి మార్చుకుందామని వచ్చానండి" అన్నాను.

"మంచిది. ఎన్నాళ్ల నుంచి పెండింగు?"

"ఇరవై ఆరేళ్లు."

"వామ్మో. అంత పాత బండిని ఇంకా తిప్పుతున్నారా? నంబరెంతండీ?"

ఆయన ఈమధ్యే పాత మోటారు సైకిలు కొన్నారట. ఆర్‌సి అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు అని, అమ్మినవాళ్ల పేరు నుంచి కొన్నవాళ్ల పేరుకు మార్చుకోవాలని, ఎఫ్‌సి అంటే లోడు బండ్లకు ఇచ్చే ఫిట్‌నెస్ కాగితమని, పెద్దాయన అంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరని ఓపిగ్గా చెప్పారు. నవ్వలేదు. లోపలికి వెళ్లి నవ్వి వచ్చారని నా అనుమానం.

ఏళ్ల తరబడి పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ని. వారం పాటు ఒక లోడు బండికి చేయాల్సిన మరమ్మతులన్నీ నాకు నేను చేసుకున్నాను.

ఆర్‌సి మార్పించేస్తాను. మీకు ఇక నావల్ల ఇబ్బంది ఉండదు. ఉత్తరాలు కూడా ఉండవు.

ఒక్క సంగతి మాత్రం రాయకపోతే అబద్ధం ఆడినట్టవుతుంది. నిన్న ఆ గేటు దాటినప్పుడు నేను నిజంగా మారడానికే వెళ్లాను. నాకు తెలిసిన వాదనలన్నీ బయట చెప్పుల పక్కనే వదిలేశాను. అవి లేకుండా నడిస్తే ఎంత తేలిగ్గా ఉందో.

సెలవు,
ఐజాక్.

తా.క.: ఇంజను ఆయిల్ ఎప్పుడు మార్చాలి?


వినగడప,
మే 24.

ఐజాక్ మాస్టారికి సామ్రాజ్యం నమస్కారాలు. మీరు పెట్టనిది కూడా కలిపి రెండు.

మీ మొదటి ఉత్తరం సగం చదివేసరికే నాకు అర్థమైంది, మీరు దేన్ని ఏమనుకున్నారో. ఒక్క వాక్యంతో తేలిపోయేది. ఆ వాక్యం రాశాను కూడా. రాసి చించేశాను. సంగతి తెలిస్తే మీరు బుద్ధిగా ఆర్‌సి మార్చుకుని, రాయడం మానేస్తారు. అందుకని "బండి" అన్న ఒక్క మాట తీసేసి మిగతాదంతా రాశాను. నా ఉత్తరాలు మళ్లీ చదవండి, ఒక్క అబద్ధం దొరకదు. లోపల గట్టిగానే ఉందన్న మాట ఒక్కటి మాత్రం బండి గురించి కాదు.

మీమీద నా ఫిర్యాదు కూడా ఉంది. అప్పుడు మా నాన్నకు పద్నాలుగు పేజీలు రాశారు. మనస్సాక్షి, స్వేచ్ఛ, హక్కులు. అందులో నా పేరు ఒక్కచోట లేదు. నేను వెతికాను. మారమన్నది ఆయన. నేను ఏమంటానో ఆయన అడగలేదు సరే, ఆయన పాతకాలం మనిషి. మీరు స్త్రీ పురుషులు సమానం అని సభల్లో మాట్లాడేవారు. మీరూ అడగలేదు. మీ ఇద్దరూ మతం గురించి పోట్లాడుకుంటూ ఉంటే నేను తలుపు వెనక నిలబడి, ఒక్కరైనా ఇటు తిరుగుతారేమోనని చూశాను.

మీరు గేటు దాటారని చదివి ఏడ్చాను. కానీ మారొద్దు. మీరు బాప్టిస్టుగానే, ఈ వాదించే గొంతుతోనే నాకు కావాలి. రంగు ఎలాగూ పోతుంది.

ఆయిల్ సంగతి ఉత్తరంలో చెప్పను. పక్కన నిలబడి చూపిస్తాను.

ఎదురుచూస్తూ,
సామ్రాజ్యం.

తా.క.: ఇక్కడి నుంచి మీరు కాదు, నువ్వు. ఇవి నా డిమాండ్లు. వీటి మీద చర్చ లేదు.

1. గురువారం పదిన్నరకు బండితో ఆర్టీఓ ఆఫీసుకి రావాలి. అమ్మినదాన్ని కాబట్టి నేనూ వస్తాను.

2. ఆ పని అయ్యాక అటునుంచి అటే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి పెళ్లికి నోటీసు ఇవ్వాలి. ఎవరూ మతం మారక్కర్లేని పద్ధతి ఉంది, కనుక్కున్నాను.

3. ఆదివారాలు నువ్వు మీ చర్చికి, నేను మా గుడికి. మధ్యాహ్నం భోజనం ఒకచోట.

4. నా కొత్త బండి నా పేరు మీదే ఉంటుంది. నడిపేది కూడా నేనే.

5. జోజిబాబుతో మాట్లాడాలి.

6. ఇకమీదట నా గురించి ఏం అడగాలన్నా నన్నే అడగాలి.