నాలుక కింద మందు

అక్కా,

రోజూ సరిగ్గా ఎనిమిదింటికే ఫోన్ చేస్తావు. నేను "ఊఁ, ఊఁ" అంటే చాలు, "వీడు మళ్లీ మొదలెట్టాడు" అని బావకు చెబుతావు.

నీకు ఎన్నిసార్లు చెప్పాలి? రంగులేస్తూ పరంజా మీంచి పడ్డాక వాడిన నొప్పి మాత్రలు నన్ను వదల్లేదు. అది పొగరు కాదు, జబ్బని డాక్టరమ్మ నీ ముందే చెప్పింది. ఆ యావ అణచడానికిచ్చిన మందు నాలుక కింద కరిగేదాకా నోరు విప్పకూడదు.

"ఇంకెన్నాళ్లురా, అదీ మానెయ్" అంటావు. పోయినసారి నీ మాట విని మానేస్తే నెలలోపే పాత మాత్రలకు పోయాను. ఊపిరాడక పడి ఉంటే బావే ఆసుపత్రికి మోసుకెళ్లాడు.

ఈ ఉత్తరం మందు నాలుక కింద పెట్టుకునే రాశాను, అందుకే ఇంత మర్యాదగా ఉంది. ఎనిమిదింబావుకు ఫోన్ చెయ్యి, నోరారా తిడతాను.

చెయ్యడం మాత్రం మానకు.

నీ తమ్ముడు