నాయిన భూతద్దం

జయా,

నాయిన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇన్సులిన్ సూది వేయడానికి ఎదురింటి సబియా వస్తే లోపలికి రానివ్వడట. సూది తప్పకూడదు. నువ్వు నైట్ డ్యూటీ నుంచి రాగానే ముందు ఆయన్ని అక్కడి నుంచి లేపు.

మంచం కింద అట్టపెట్టె ఉంది, బయటికి తీయి. దాని లైటు మాత్రం వేయకు, లోపల ఫ్యాన్ బిగించలేదు, కాలుతుంది. అది నేను చేస్తున్న ప్రొజెక్టర్. చిన్న ఎల్‌సీడీ తెర వెనక లైటు, ముందు భూతద్దం పెడితే బైబిల్ అక్షరాలు గోడ మీద అరచేయంత పడతాయి. నాయిన చదువుకుంటాడని మొదలుపెట్టాను. ఇప్పటికైతే తలకిందులుగా పడుతున్నాయి.

ఆ భూతద్దం ఆయనదే. పైపులో పట్టాలని పిడి కోసేశాను. ఇక చెప్పడానికి మొహం చెల్లలేదు.

నిన్న సబియా గుమ్మంలో ఉండగానే, "నా అద్దం గామెనే తీసింది, ఇంకెవరొస్తున్నరు మనింటికి?" అన్నాడు నాయిన. నేనేమన్నానో తెలుసా? "పోనీ తియ్యి నాయినా, మాఫ్ చెయ్యి."

"మాఫీ నాకెందుకన్నా? జెర మీ పెట్టెలు దేవులాడుకోండ్రి" అని వెళ్లిపోయింది.

ఆమెను నువ్వే వెళ్లి పిలుచుకురా.

ఇంకోటి. మా ఫ్యాక్టరీ గేటులో నా ఫోన్ తీసేసుకుంటారు కాబట్టి నీకు వాయిస్ మెసేజ్ పెట్టాను. ఇద్దరినీ కూర్చోబెట్టి, నాయినకు వినబడేలా పెద్దగా పెట్టు. ఒక్క మాటే ఉంది: "నాయినా, అద్దం తీసింది సబియా గాదు. నేనే, నీ కొడుకు పౌలును."