ఫూజీ కొండ వైపు నా వీపు

జపాను, 12 మే 1964

అక్కకు నమస్కారాలు. ఒంట్లో బాగానే ఉంది, పరువుకే కొంచెం దెబ్బ తగిలింది. ఈ ఉత్తరం వీధిలో వాళ్ళను కూర్చోబెట్టి చదవొద్దు.

నేను బయలుదేరేటప్పుడు నువ్వేమన్నావు? "ఆడ కూడా పురుగులు, ఆకు అని తలొంచుకోని తిరగొద్దప్పా. కేలెండరులో ఉండే ఆ మంచుకొండ ఎట్లుండాదో చూసి రాయి" అన్నావు.

నిన్న పట్టు ట్రైనింగుకని వచ్చిన మా పదిమందినీ బస్సులో ఫూజీ కొండ దగ్గరి సరస్సుకు తీసుకుపోయారు. కొండ మబ్బుల్లో ఉంది. మబ్బు తొలిగేదాకా ఆగమని గైడమ్మ అందరినీ ఒడ్డున నిలబెట్టింది.

రోడ్డు పక్కనే మల్బరీ తోట. ఆకు నా అరచేతికన్నా వెడల్పు. నీ తమ్ముడు ఆగుతాడా? తోటలో దూరి, చెట్టుకూ చెట్టుకూ ఎడమెంతో జానలతో కొలవసాగాను. ఆ తోట ముసలమ్మ వచ్చి నా వెనక్కి చెయ్యి చూపించింది. పొమ్మంటోందనుకుని, వంగి దణ్ణం పెట్టి మళ్ళీ కొలిచాను. ఆమె మళ్ళీ చూపించింది, నేను మళ్ళీ వంగాను. ఇట్లా నాలుగుసార్లు.

హారను వినబడి బస్సు దగ్గరికి పరుగెత్తితే అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. నా వీపు వెనకే కొండ ఐదు నిమిషాలు కనబడి, మళ్ళీ మూసుకుపోయిందట. పాపం, ముసలమ్మ చూపించింది దాన్నే.

తోట కొలతలు వేరే కాగితంలో రాశాను. కొండ గురించి ఏం రాయను? పోనీ, మన నందికొండలాగే ఉందని రాసేద్దామనుకున్నాను. పుట్టినప్పటినుంచీ మన తోటకు ఎదురుగా ఉన్న కొండే కదా, దాని ఆకారం కూడా గుర్తుకు రాలేదక్కా.

ఈ ఉత్తరం అందినాక, ఆకు కోసేటప్పుడు ఒకసారి తలెత్తి చూసి, అది ఎట్లుందో నాకు రాయి.

నీ తమ్ముడు